మోచేయి, మణికట్టు, హస్తము: వానికి కలుగు రుగ్మతలు

గుజరాతు రాష్ట్రమున తాపీనది యొడ్డున నున్న సూరత్ నగరము చేతిపనివారి నగరము. లోకమున సానబట్టబడు వజ్రములలో అత్యధిక భాగము ఇచటనే మెరుగు దిద్దుకొనుచున్నది. కృత్రిమపు దారముతో నేసిన చీరెలు ఇచటినుండి దేశములోని సంతలన్నింటికిని పోవుచున్నవి. ఆ మరమగ్గముల యొద్ద నిలిచి పనిచేయువారిలో తెలంగాణపు పద్మశాలీలు వేలకొలది కలరు. స్వగ్రామములలో చేతిమగ్గము కూడు పెట్టజాలని దినములలో కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నేతగాండ్రు భీవండికిని, షోలాపురమునకును, సూరత్ నగరమునకును తరలిపోయిరి. లింబాయత్ మున్నగు పేటల వీధులలో నేటికిని తెలుగు మాట వినవచ్చును. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను సయితము నడుపుచున్నది.

రెక్కాడినగాని డొక్కాడదు అను మాట వీరియెడ అక్షరాల నిజము. మగ్గముల శాలలో 12 గంటల పాళీ సామాన్యము. తెగిన పోగును వెదకి ముడివేయుట, కండెలు మార్చుట, బీమును ఎత్తి దించుట, ఇవి యన్నియు చేతిపనులే. ఇంటివద్ద స్త్రీలు చీరెలకు రాళ్లును తళుకులును అతికింతురు, మిగులు దారపు కొసలను కత్తిరింతురు. కూలి దినమునకు గాక పనికి లెక్కింపబడును గనుక చేయి నొచ్చిన దినమున ఆదాయమును తగ్గును. అందుచేత నొప్పిని దాచుకొనుట, అంగడి మాత్రలు మ్రింగుట, ఎవరో చెప్పిన నూనెతో తోమించుకొనుట సాధారణమైనవి. వీనిలో కొన్ని నిరర్థకములు. కొన్ని మాత్రము బాగుపడదగిన చేతిని శాశ్వతముగ చెరచునవి.

చేతి నిర్మాణము

మోచేతియొద్ద 3 ఎముకలు కలియును. పైనుండి వచ్చునది భుజాస్థి. ముంజేతిలో రత్ని, అరత్ని యను రెండు ఎముకలు ప్రక్కప్రక్కన నుండును. ఆ రెంటి నడుమ పలుచనిదయ్యును గట్టిదైన పొర యొకటి పరచుకొనియుండును. ఈ పొరను గూర్చి ముందు మరల చెప్పవలసియున్నది. అరచేతిని పైకి, క్రిందికి త్రిప్పునపుడు ఆ ఎముకలలో నొకటి రెండవదానిపై దొరలును.

మణికట్టులో 8 చిన్న ఎముకలు కలవు. వానితో కలిపి ఒక్కొక్క హస్తమునందు 27 ఎముకలు. వ్రేళ్లను బలముగ ముడుచు కండరములు హస్తమునందు గాక ముంజేతిలో నున్నవి. కొయ్యబొమ్మలాటవాడు తెరవెనుక నుండి దారములు లాగినట్లు అవి స్నాయుబంధనములనెడు త్రాళ్లతో వ్రేళ్లను లాగుచుండును. ఆ త్రాళ్లలో 9, ఒక నరముతో కూడ, మణికట్టు ముందుభాగమున ఇరుకైన సొరంగము వంటి త్రోవలోనుండి పోవును. మరియొక నరము మోచేతి లోపలి గుబ్బ వెనుక చర్మము క్రిందనే పోవును. మోచేయి బల్ల అంచునకు తగిలినపుడు చిటికెన వ్రేలివరకు జివ్వుమనుట దానివలననే.

సున్నము చేరుట

ఎక్స్‌రే చిత్రమును చూచి వైద్యుడు "సున్నము చేరినది" అనగానే రోగి గుండె జారును. ఇంటికి పోయి తాంబూలము మానును. పాలు, పెరుగు, రాగిజావయు మానును. వక్క, పొగాకు నమలుట మానుట మంచిదే గాని దానికి కారణము వేరు. పాలు మానుట మాత్రము శుద్ధ పొరపాటు.

దేహమందలి కాల్షియములో నూటికి 99 వంతులు ఎముకలలోను పండ్లలోను ఉండును. మిగిలినది రక్తమునందును కండరములందును ఉండి గుండె కొట్టుకొనుటకు, కండరములు ముడుచుకొనుటకు పనికివచ్చును. రక్తములో దాని పాలు తగ్గిన దేహము ఎముకలనుండియే తీసికొనును. స్నాయుబంధనములో సున్నము చేరినవారికి రక్తములోని కాల్షియము సాధారణముగ సరిగానే యుండును. కావున అది తిన్న ఆహారమునుండి పొంగివచ్చి చేతిలో పేరుకొన్నది కాదు. ఆ స్నాయుబంధనమందలి కణములలో కలిగిన మార్పువలన కాల్షియము ఫాస్ఫేటు స్ఫటికములు అచటనే ఏర్పడును. ఇట్టి మార్పు భుజమునందు ఎక్కువ. మోచేతి వెలుపలి గుబ్బయొద్దను, మణికట్టున చిటికెన వ్రేలి వైపున్న బఠాణీ గింజవంటి ఎముకయొద్దను, వ్రేళ్ల కీళ్ల దగ్గరను అరుదుగా కానవచ్చును.

ఇది చాలమందికి ఏ బాధయు కలిగింపదు. వేరొక కారణమున తీసిన చిత్రములో తెల్లని మచ్చగా కనబడి, వైద్యుడు చెప్పినప్పుడుగాని తెలియదు. దేహము ఆ స్ఫటికములను కరిగించుటకు మొదలిడినపుడు మాత్రము ఒక రాత్రిలో మణికట్టు ఎఱ్ఱబడి, వాచి, దుప్పటి తగిలినను ఓర్వరానంత నొప్పి పుట్టును. చూచినవారు చీముగడ్డ యనుకొందురు, లేక యూరికామ్లపు వాతమనుకొందురు. చీమను తలంపుతో కోసి చూచిన సందర్భములు వైద్యగ్రంథములలో పెక్కు కలవు. చీముండదు. సుద్దవంటి తెల్లని ముద్ద మాత్రముండును. నిజమునకు చేతిని బద్దపై నుంచి కదలకుండ చేసి, వైద్యుని సలహాపై వాపు తగ్గు మందు వాడిన యెడల 2, 3 వారములలో బాధ తగ్గిపోవును. పిదప తీసిన చిత్రములలో ఆ మచ్చ క్రమముగ మాయమగుటయు కలదు.

అయినను ఎఱ్ఱబడి వాచిన ప్రతి చేతిని ఇంటివద్ద నుంచుకొని కూర్చుండరాదు. జ్వరము వచ్చినను, చేతిపై గాయముండినను, ఎఱుపు ముంజేతివైపునకు ప్రాకుచున్నను, వ్రేలిని మెల్లగ చాచినంతనే విలవిలలాడినను అది చీము కావచ్చును. హస్తములోని చీము స్నాయుబంధనపు త్రోవవెంట గంటలలో ప్రాకును. ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

సున్నము చేరుటకు మరికొన్ని కారణములు కలవు. 60 ఏండ్లు దాటినవారి మణికట్టు మృదులాస్థిలో సన్నని తెల్లని గీతవలె వేరు జాతి స్ఫటికములు పేరుకొనును. మూత్రపిండములు దీర్ఘకాలము చెడినవారికి కీళ్లచుట్టును గడ్డలు కట్టవచ్చును. వ్రేలికొసలందు తెల్లని గట్టి బుడిపెలు లేచి పగిలి, చలికి వ్రేళ్లు పాలిపోయి నీలము తిరుగుచుండినచో అది చర్మము బిగుసుకొను రోగమునకు గురుతు. ఈ మూడింటికి చికిత్స మూలరోగమునకు జరుగవలెనేగాని చేతికి మాత్రమే కాదు.

నీటివలన వచ్చు గట్టిదనము

సూరత్ తెలుగువారి విషయమున ప్రత్యేకముగ చెప్పవలసిన దొకటి కలదు. నల్లగొండ ప్రాంతమున పుట్టి, బాల్యమంతయు అచటి బావినీరు త్రాగి పెరిగిన నేతగాడు 45 ఏండ్ల వయస్సున మోచేయి పూర్తిగా చాపలేక వైద్యునియొద్దకు వచ్చిన, ఆ వైద్యుడు దానిని మగ్గపు పనివలన వచ్చినదనియే తలంచుట సహజము. అది ఫ్లోరైడు వలన వచ్చినదై యుండవచ్చును.

ఈ రోగమును భారతదేశమున మనుష్యులయందు మొట్టమొదట గుర్తించినది తెలుగునాటనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి యను పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో నడుము వంగి, మెడ బిగిసి, కీళ్లు కదలక బాధపడు ప్రజలను పరీక్షించి, కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడు అని ప్రకటించిరి. పిమ్మట నల్లగొండ పేరు ఈ రోగమునకు మారుపేరైనంతగా ప్రసిద్ధి కెక్కినది. గుజరాతు ఉత్తరభాగమున మెహసానా, బనాస్‌కాంఠా జిల్లాలలోను ఈ దోషము కలదు.

నీటిలోని ఫ్లోరైడు ఎముకలోని స్ఫటికములలో చొచ్చుకొనిపోయి, ఎముకను ఎక్కువగా పెంచును. ఆ ఎముక చూచుటకు దట్టముగ నుండును గాని పటుత్వము తక్కువ. పెరుగుట ఎముకతో ఆగదు. దానికి అతుకుకొనియుండు సంధిబంధనములును పొరలును సయితము ఎముకగా మారును. ముందు చెప్పిన ముంజేతి పొర ఇచట ముఖ్యమైనది. ముంజేతి ఎక్స్‌రే చిత్రములో రత్ని, అరత్నుల నడుమ పొర అంచు ఱంపపు పండ్లవలె తెల్లగా కానవచ్చిన, అది ఫ్లోరైడు రోగమునకు ముఖ్యమైన సాక్ష్యము. అట్టివారికి అరచేతిని త్రిప్పుట కష్టమగును, మోచేయి కొంత వంగియే నిలిచిపోవును. మగ్గపు నొప్పి కుడిచేతికో ఎడమచేతికో వచ్చునుగాని, ఇది రెండు చేతులకును, వెన్నునకును, మెడకును కలిసి వచ్చును.

పండ్లను చూచుట సులభమైన పరీక్ష. సుమారు 8 ఏండ్ల వయస్సులోపల ఆ నీరు త్రాగినవారి పండ్లపై గోధుమరంగు చారలు ఏర్పడి జీవితాంతము నిలుచును. పెద్దయైన పిదప ఆ ఊరు చేరినవారికి చారలుండవు. కావున వైద్యునితో తన పుట్టిన ఊరును, చిన్ననాడు త్రాగిన నీటిని చెప్పుట రోగి మరువరాదు. సూరత్ వైద్యునికి తెలంగాణపు బావుల సంగతి తెలియకపోవుట తప్పు కాదు.

భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. వేరు నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాములవరకు ఒప్పుకొందురు. నీటిని కాచుటవలన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి ఫ్లోరైడు మరింత చిక్కనగును. పటికయు సున్నమును బ్లీచింగు పొడియు కలిపి దానిని తేర్చి తీయు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకమున రూపొందించినది. దానికి నల్లగొండ విధానమనియే పేరు. తెలంగాణమున మిషన్ భగీరథ పథకము 2016లో ప్రారంభమై నదీజలములను గ్రామములకు కొనిపోయినది. సూరత్ త్రాగునీరును తాపీనదినుండి వచ్చునదే.

నీరు మారినంతనే ఎముకలో చేరిన ఫ్లోరైడు పోదు. అది సంవత్సరముల తరబడి కొద్దికొద్దిగ వెడలును. కరిగించు మందు లేదు. ఇచటనే పాలు మానుటలోని అపాయము స్పష్టపడును. కాల్షియము చాలని దేహమును ఫ్లోరైడు మరింత తీవ్రముగ పీడించును. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు ఫ్లోరైడు ప్రాంతములలోని యువకులకు మోకాళ్లు లోపలికి వంగుటను వర్ణించిరి. అచటి నీటితోపాటు ఆహారపు లోపమును అందులో పాలుగొన్నదని గ్రహింపబడినది. "సున్నము చేరిన" ఈ రోగికి పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు మిక్కిలి అవసరములు.

దెబ్బతిన్న మోచేయి

జనవరి 14న సంక్రాంతినాడు గుజరాతీయులు ఉత్తరాయణమను పేర గాలిపటముల పండుగ చేసికొందురు. మరునాడును ఆ వేడుక సాగును. నగరమంతయు మిద్దెలపైననే యుండును. తెలుగు పిల్లలును అందరితోపాటు మిద్దె లెక్కుదురు. చూపు ఆకాశముపై నుండి కాలు అంచు తప్పును. పడుచు చేయి చాచి ఆనుకొనిన బాలునికి మోచేతికి కొంచెము పైన భుజాస్థి విరుగును. 5 మొదలు 8 ఏండ్ల లోపు పిల్లలకు ఈ విరుగుడు ఎక్కువ. పండుగనాడే గాక చెట్టునుండి, ఊయలనుండి పడినపుడును ఇదియే జరుగును.

విరిగిన ఎముక అంటుకొనుట ఇందు పెద్ద సమస్య కాదు. ఆ ఎముక కొస ముందే ముంజేతికి రక్తము తెచ్చు ధమని కలదు. వాపువలననో, ఎముక మొనవలననో, బిగించి కట్టిన కట్టువలననో రక్తప్రసరణ నిలిచిన యెడల ముంజేతి కండరములు 6 గంటల ప్రాంతమున చచ్చుటకు మొదలిడును. చచ్చిన కండరము ముడుచుకొని, వ్రేళ్లు పక్షిగోళ్లవలె వంగిపోయి, చేయి జీవితాంతము నిరుపయోగమగును. 1881లో దీనిని విశదముగ వర్ణించిన జర్మను శస్త్రవైద్యుడు ఫోల్క్‌మాన్ పేరనే ఇది నేటికిని పిలువబడుచున్నది. ఆయన వర్ణించినవి బిగుతైన కట్లవలన చెడిన చేతులే. నూరేండ్లకు పైగా గడచినను అట్టి చేతులు ఇంకను ఆసుపత్రులకు వచ్చుచుండుట విచారకరము.

ఎముకలు కట్టువారు మన దేశమున పూర్వమునుండి కలరు. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు తెలుగునాట అందరెరిగినదే. గుజరాతులో అట్టివారిని హాడ్‌వైద్ అందురు. దగ్గరలో ఆసుపత్రి లేని కాలమున వారు జనులకు ఆదరువైరి. అయినను పిల్లవాని మోచేతి విషయమున ఎక్స్‌రే లేక, నాడి చూడక కట్టు కట్టుట తగదు. ఈ ఒక్క కీలునందు పొరపాటునకు తావు లేదు.

చేయవలసినది స్వల్పము. చేయి ఏ స్థితిలో నున్నదో ఆ స్థితిలోనే మడచిన వార్తాపత్రికపైననో పలుచని బద్దపైననో ఆనించి, వదులుగ గుడ్డ చుట్టవలెను. లాగి సరిచేయరాదు. బలవంతముగ పూర్తిగ వంచరాదు. గాజులు, ఉంగరములు, మొలత్రాటివలె చేతికి కట్టిన దారములు వెంటనే తీసివేయవలెను, వాచిన పిదప అవి రావు. శస్త్రచికిత్స అవసరపడవచ్చును గనుక వైద్యుడు చూచువరకు తినుటకు ఏమియు పెట్టకుండుట మంచిది. 2005లో హైదరాబాదున మొదలైన 108 వాహనసేవ 2007నుండి గుజరాతునను కలదు.

పట్టీ వేసిన తరువాత తల్లి గమనింపవలసినవి కలవు. గోరును నొక్కి వదలిన వెంటనే ఎఱ్ఱదనము తిరిగి రావలెను. వ్రేళ్లు వెచ్చగా నుండవలెను. వ్రేలిని మెల్లగా చాచిన పిల్లవాడు కేకవేసినను, మందు ఇచ్చినను నొప్పి గంటగంటకు హెచ్చుచున్నను, వ్రేళ్లు మొద్దుబారినను తెల్లవారువరకు వేచియుండరాదు. అర్ధరాత్రియైనను ఆసుపత్రికి కొనిపోయి కట్టు విప్పింపవలెను.

పట్టీ తీసిన తరువాత రెండవ అపాయము మొదలగును. మోచేయి బిగిసియుండుట చూచి ఇంటివారు తొందరపడుదురు. నూనె పోసి బలముగ తోమింతురు. ఒకరు భుజము పట్టుకొనగా మరియొకరు ముంజేతిని లాగుదురు. నీళ్లబాల్చీ మోయించిన చేయి సాగునని కొందరు చెప్పుదురు. దెబ్బతిన్న మోచేతి ముందరి కండరమున నిలిచిన రక్తము ఇట్టి తోముడువలన మరల చెదరి, ఆ కండరములోనే ఎముక పుట్టును. 3, 4 వారములలో ఎక్స్‌రే చిత్రమున మబ్బుతునకవలె కనబడి, పిదప గట్టిపడి, కీలునకు గడియ పెట్టినట్లగును. మెత్తగా నుండవలసిన చోట సున్నము చేరు విధములలో దీనియంత నివారింపదగినది మరియొకటి లేదు. ఒకసారి ఏర్పడిన ఆ ఎముక పక్వమగువరకు, అనగా పెక్కు నెలలు, ఆగి గాని శస్త్రవైద్యులు దానిని తీయరు. తొందరపడి తీసిన మరల పుట్టును.

పిల్లవానిచేత తన చేతిని తానే వంచి చాపించుట సరియైన మార్గము. ఆటలో, అన్నము తినుటలో, చొక్కా తొడుగుకొనుటలో మోచేయి క్రమముగ వదులగును. ఇతరులు లాగకుండిన చాలును. కొన్ని నెలలు పట్టవచ్చును.

ఇచటనే చిన్న సంగతి యొకటి. 5 ఏండ్లలోపు బిడ్డను ఒంటిచేత పట్టి పైకి లాగిన, మోచేతిలోని చిన్న ఎముక తన బంధనమునుండి జారవచ్చును. బిడ్డ చేయి వ్రేలాడవేసికొని ఏడ్చును. తెలిసిన వైద్యుడు క్షణములో సరిచేయును. బిడ్డలను చంకలు పట్టి ఎత్తుట అలవాటు చేసికొనవలెను.

పనివలన వచ్చు నొప్పులు

మోచేతి వెలుపలి గుబ్బయొద్ద నొప్పి పుట్టి, చెంబు ఎత్తినను, గుడ్డ పిండినను హెచ్చుటను టెన్నిసు మోచేయి అందురు. దీనిని పొందువారిలో టెన్నిసు బంతిని కంటితో చూడనివారే ఎక్కువ. మణికట్టును పైకెత్తు కండరములు ఆ గుబ్బయొద్ద ఎముకకు అతుకుకొని యుండును. దినమునకు వేలమార్లు లాగబడి అచటి నారలు అరిగి చీలును. 35 మొదలు 55 ఏండ్లలోపు వారికి ఎక్కువ. చాలమందికి ఒక యేడాదిలోపల తనంతట తగ్గును. స్టెరాయిడు ఇంజెక్షను కొన్ని వారములు హాయినిచ్చును గాని, ఏడాది తిరుగునప్పటికి దానిని పొందినవారే పొందనివారికంటె వెనుకబడి యుండుట పరిశోధనలలో తేలినది. దానికంటె ఈ వ్యాయామము మేలు: ముంజేతిని బల్లపై నానించి, హస్తము అంచు వెలుపల వ్రేలాడునట్లు, అరచేయి క్రిందికుండునట్లు కూర్చుండవలెను. నీటితో నిండిన అరలీటరు సీసాను పట్టుకొని, రెండవచేతి సాయముతో పైకెత్తి, ఆ చేతిని వదలి మెల్లమెల్లగా క్రిందికి దించవలెను. 15 మార్లు చేసి, కొంచెమాగి, మరల రెండు పర్యాయములు చేయవలెను. స్వల్పపు నొప్పి కలిగినను మానవలసినది లేదు.

బొటనవ్రేలి మొదట మణికట్టు అంచున వచ్చు నొప్పిని 1895లో స్విట్జర్లండు శస్త్రవైద్యుడు డి క్వెర్వేన్ వర్ణించెను. కత్తెర పట్టువారికి, చంటిబిడ్డను మాటిమాటికి ఎత్తు తల్లులకు ఇది వచ్చును. బొటనవ్రేలిని పిడికిలిలో ముడిచి మణికట్టును చిటికెన వ్రేలివైపు వంచిన చురుక్కుమనును. బొటనవ్రేలిని కదలనీయని పట్టీ కొన్ని వారములు ధరించుట మంచిది. ఇందు మాత్రము ఇంజెక్షను తరచు ఫలించును. వ్రేలు వంగి నిలిచిపోయి, చాచినపుడు చిటుక్కుమనుటయు ఇట్టిదే, మధుమేహము కలవారికి అది ఎక్కువ. మణికట్టుపై లేచు నీటి బుడిపెను బరువైన పుస్తకముతో కొట్టి చితుకగొట్టు మోటు చికిత్సను ఎవరును చేయరాదు.

ఉదయము లేవగానే రెండు హస్తముల వ్రేళ్ల మొదళ్లు గంటకు మించి బిగిసియుండి, వాపు కొన్ని వారములు నిలిచిన అది పనివలన వచ్చినది కాదు. కీళ్లను తినివేయు వాతరోగము కావచ్చును. దానికి మొదటి నెలలలో మందు మొదలిడిన చేతులు నిలుచును.

వజ్రపు సానవారు ఘంటి చుట్టును కూర్చుండి గంటలకొలది ఒకేరీతి పట్టుతో పనిచేయుదురు. నేతగాండ్రు నిలిచియుందురు. ఇద్దరితోను "3 వారములు పని మానుడు" అని చెప్పుట సులభము. వినువారికి అది తిండి మానుడన్నట్లుండును. అందుచేత సగపు విశ్రాంతినైనను సాధించు ఉపాయములు తెలిసికొనవలెను. సన్నని పిడిగల పనిముట్టునకు గుడ్డ చుట్టి లావు చేసిన, పట్టులోని శ్రమ తగ్గును. బీమును ఒక్కడే ఎత్తుటకంటె ఇరువురెత్తుట మేలు, ఎత్తునపుడు అరచేయి పైకుండవలెను. గంటకొకసారి 2 నిమిషములు చేతులు వదలి వ్రేళ్లు చాచవలెను. ఒకేరకపు పని రోజంతయు చేయక, ఇంటివారితో మార్చుకొనవలెను. నొప్పిమాత్రలు దినదినము నెలల తరబడి మ్రింగిన కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములు చెడును. పేరులేని పొట్లములలో అమ్ము "వాతపు పొడి"లో స్టెరాయిడు కలిపియుండుట అరుదు కాదు. ఉద్యోగుల రాజ్యబీమా చీటి గల కార్మికులకు వైద్యముతోపాటు సెలవుకాలపు భత్యమును కలదు. చిన్న శాలలలో పనిచేయువారికి ఆ చీటి యున్నదో లేదో యజమానిని అడిగి తెలిసికొనుట అవసరము.

స్పర్శ తప్పిన చేయి

రాత్రి నిద్రలో బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చి, చేయి విదిలించిన తగ్గుచుండినచో మణికట్టు సొరంగములోని నరము నొక్కబడుచున్నదని తెలియవలెను. గర్భిణులకు, మధుమేహము కలవారికి, గళగ్రంథి మందగించినవారికి ఇది ఎక్కువ. గర్భిణులకు ప్రసవానంతరము సామాన్యముగ తగ్గును. రాత్రులందు మణికట్టు వంగకుండ బద్దపట్టీ కట్టుకొనిన చాలమందికి మేలుచేయును. బొటనవ్రేలి మొదటి కండ ఎండిపోవుచున్న యెడల మాత్రము ఆలస్యము చేయక శస్త్రచికిత్స చేయించుకొనవలెను. అది చిన్నదియే.

తిమ్మిరి చిటికెన వ్రేలివైపున నున్న, మోచేతి లోపలి గుబ్బ వెనుకనున్న నరమును తడవి చూడవలెను. మోచేయి గంటలకొలది బల్లపై ఆనించుటవలన అది నొక్కబడి యుండవచ్చును. కాని ఆ నరము త్రాడువలె లావై, దేహమున ఎచటనైనను స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ యుండినచో అది కుష్ఠు కావచ్చును. చిటికెన, ఉంగరపు వ్రేళ్లు గోరువలె వంగుట తరువాతి దశ. ఈ మాట వినుటకే జనులు జంకుదురు గనుక నరము చచ్చువరకు దాచుదురు. దాచవలసినదేమియు లేదు. ప్రభుత్వ వైద్యశాలలలో బహుళ ఔషధ చికిత్స ఉచితముగ దొరకును. 6 నెలలో 12 నెలలో మందు మ్రింగిన రోగము నశించును. చికిత్స మొదలైన కొద్దికాలముననే అది ఇతరులకు అంటు గుణమును కోల్పోవును. వంగిన వ్రేళ్లను సయితము శస్త్రచికిత్సచే మరల పనికివచ్చునట్లు చేయవచ్చునని వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు పాల్ బ్రాండ్ 1940 దశకపు చివరనుండి చేసి చూపెను. కుష్ఠురోగుల వ్రేళ్లు వానంతట రాలిపోవునను నమ్మకము తప్పనియు, నొప్పి తెలియకుండుటవలన తగిలిన గాయములే వానిని తినివేయుననియు నిరూపించినవారిలో ఆయన ప్రముఖుడు.

అందుచేత స్పర్శ తగ్గిన చేయి గలవారు, కారణమేదైనను, పొయ్యిమీది గిన్నెను మందపు గుడ్డతోనే దించవలెను. వేడిని రెండవచేతితో చూచుకొనవలెను. మగ్గపు పనివారు ప్రతి సాయంకాలము దీపపు వెలుతురున రెండు అరచేతులను త్రిప్పి చూచికొని, దారము కోసిన గీతలు, కాలిన బొబ్బలు కనబడిన కడిగి గుడ్డ కట్టవలెను. చర్మము పొడిబారి పగులకుండ చేతులను కొంతసేపు నీటిలో నాననిచ్చి, తడి ఆరకమునుపే కొబ్బరినూనె రాయవలెను.